కుంగిన మనసుకు కెటమిన్‌ ఊతం

ఏ మందుకూ లొంగని డిప్రెషన్‌ కొందరిలో గంటల్లోనే తగ్గుముఖం పడుతోంది. ఆ పని చేస్తున్నది ఆపరేషన్‌ థియేటర్లలో వాడే ఓ పాత మత్తుమందు. దాని బలం ఎంత? హద్దు ఎక్కడ?

డిప్రెషన్‌కు మందు రాసిచ్చేటప్పుడు డాక్టర్లు చెప్పే మాట ఒకటుంది: ‘గుణం కనిపించడానికి మూణ్నాలుగు వారాలు పడుతుంది, ఓపిక పట్టండి’. బతుకు మీద ఆశే సన్నగిల్లిన మనిషికి ఆ మూడు వారాలు గడవడమే గగనం. ఒక మందు పనిచేయకపోతే రెండోది, అదీ కాకపోతే ఇంకొకటి. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఎదురుచూపులు. సరైన మోతాదులో, తగినంత కాలం కనీసం రెండు మందులు వాడినా తగ్గకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్‌ అంటారు.

2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన కార్లోస్‌ జరాటే బృందం అలాంటి 18 మందిని పరీక్షకు ఎంచుకుంది. కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున కెటమిన్‌ను 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించారు. రెండు గంటలు తిరక్కముందే మార్పు మొదలైంది. మర్నాటికి, మందు తీసుకున్నవారిలో 71 శాతం మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి. అయితే ఆ మేలు వారం పాటు నిలిచింది 35 శాతం మందిలోనే. కెటమిన్‌ బలమూ బలహీనతా ఈ రెండు అంకెల్లోనే ఉన్నాయి.

యుద్ధరంగం నుంచి యేల్‌కు

1962లో పార్క్‌-డేవిస్‌ కంపెనీ కోసం కాల్విన్‌ స్టీవెన్స్‌ అనే రసాయన శాస్త్రవేత్త కెటమిన్‌ను తయారుచేశాడు. 1970లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మత్తుమందుగా అనుమతించింది. వియత్నాంలో గాయపడ్డ సైనికులకు ఇదే ఇచ్చారు. మిగతా మత్తుమందుల్లా ఊపిరిని అంతగా అణచదు కాబట్టి, పెద్ద పరికరాలు లేని ఆసుపత్రులకు కొండంత అండ అయింది. 2000లో యేల్‌ విశ్వవిద్యాలయంలో జాన్‌ క్రిస్టల్‌, డెన్నిస్‌ చార్నీ తదితరులు చిన్న మోతాదుతో ఏడుగురు రోగుల మీద జరిపిన పరీక్ష దీన్ని మానసిక వైద్యంలోకి తెచ్చింది.

మామూలు డిప్రెషన్‌ మందులు ఎక్కువగా సెరటోనిన్‌ మీద పనిచేస్తాయి. కెటమిన్‌ గ్లూటమేట్‌ అనే మరో రసాయనం దారిలో జోక్యం చేసుకుంటుంది. 2010లో యేల్‌లోనే రొనాల్డ్‌ డ్యూమన్‌ బృందం ఎలుకలకు ఒక్క మోతాదు ఇచ్చి చూస్తే, ఎండిన కొమ్మకు చిగుళ్లు వచ్చినట్టు నాడీకణాల మధ్య కొత్త అనుసంధానాలు పుట్టుకొచ్చాయి.

ఆ నలభై నిమిషాలు

రోగిని మంచం మీద పడుకోబెడతారు. ఒక చేతికి సెలైన్‌ సూది, రెండో చేతికి బీపీ పట్టీ, వేలికి ఆక్సిజన్‌ చూసే క్లిప్పు. కాసేపటికి ఒళ్లు తేలిపోతున్నట్టు, గదిలోని మాటలు ఎక్కడో దూరం నుంచి వినపడుతున్నట్టు ఉంటుంది. తన ఒళ్లు తనది కాదేమో అనిపించి కొందరు బెదిరిపోతారు. ‘మందు ప్రభావమేనండీ, కాసేపట్లో తగ్గిపోతుంది’ అని పక్కనుండి ధైర్యం చెప్పడమూ వైద్యంలో భాగమే. బీపీ పెరగొచ్చు, వికారం పుట్టొచ్చు. చాలామంది గంటా రెండు గంటల్లో తేరుకుంటారు. ఆ రోజు మాత్రం బండి నడపకూడదు.

కెటమిన్‌లోనే ఒక రూపమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో కొట్టే స్ప్రేగా వాడేందుకు 2019 మార్చిలో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాన్ని ఇంటికి ఇచ్చి పంపరు. వైద్య సిబ్బంది ఎదుటే వాడాలి, కనీసం రెండు గంటలు అక్కడే ఉండాలి. 2023లో దాదాపు 400 మందితో కరెంటు షాకు వైద్యాన్నీ కెటమిన్‌నూ పోల్చి చూస్తే, భ్రమలు లేని డిప్రెషన్‌లో కెటమిన్‌ ఏమాత్రం తీసిపోలేదు.

కాపలా లేకపోతే

అదే ఏడాది అక్టోబరులో ‘ఫ్రెండ్స్‌’ నటుడు మాథ్యూ పెర్రీ మరణించాడు. వైద్యుల దగ్గర అతను కెటమిన్‌ చికిత్స తీసుకున్న మాట నిజమే. ప్రాణం తీసింది మాత్రం దొంగచాటుగా సంపాదించుకున్న మందు. అతని రక్తంలో ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు స్థాయిలో కెటమిన్‌ ఉంది. అదేపనిగా వాడితే ఇది వ్యసనమవుతుంది, మూత్రాశయాన్ని దెబ్బతీస్తుంది. మన దేశంలోనూ మాదకద్రవ్యాల చట్టం దీనిపై కన్నేసి ఉంచింది.

కాపలా మధ్య వాడినా కెటమిన్‌ వ్యాధిని సమూలంగా తీసేయదు. ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో మిగతా మందులు, కౌన్సెలింగ్‌, ఇంట్లోవాళ్ల ఆసరా తమ పని చేయాలి. మన దగ్గర చాలామంది డాక్టరును కలవడమనే మొదటి మెట్టు దాకా కూడా రావడం లేదు. నిమ్హాన్స్‌ 2015-16 సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో డిప్రెషన్‌ పాలైనవారే. అయినా ఇప్పటికీ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు మనకు వెక్కిరింతే. ఒక మందుతో గంటల్లో తేలికపడే బాధ బద్ధకమెలా అవుతుంది, పిరికితనమెలా అవుతుంది? ఇంట్లో ఎవరైనా చచ్చిపోవాలని ఉందంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి. ఉచిత టెలి-మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేయండి, సైకియాట్రిస్టు దగ్గరకు మీరే తోడు వెళ్లండి. కెటమిన్‌ అవసరమా కాదా అన్నది అక్కడ డాక్టరు తేలుస్తారు. అక్కడిదాకా తీసుకెళ్లాల్సిన బాధ్యత మనది.