పక్కింటి కుక్క అరుపులకి ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్ పనిచేస్తాయా?

"పక్కింటి కుక్క రాత్రంతా అరుస్తోంది, మంచి ఏఎన్‌సీ బడ్స్ ఏవైనా చెప్పు" అని చాలామంది అడుగుతుంటారు. నేను నరసన్నపేటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. మా గోడకి అవతలే ఒక కుక్క ఉంది. అందుకే ఈ ప్రశ్న నాది కూడా. డబ్బులు పెట్టే ముందు అసలు ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో చూద్దాం.

ఏఎన్‌సీ ఎందుకు ఆపలేదు?

బడ్స్‌లో ఉన్న మైక్ బయటి శబ్దాన్ని విని, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని స్పీకర్‌లో వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బస్ ఇంజిన్, ఏసీ లాంటి ఒకే తీరుగా సాగే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకి ఇది సూపర్. ఎందుకంటే 100 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. టైమింగ్‌లో కొంచెం తేడా వచ్చినా పర్లేదు. 1000 హెర్ట్జ్ దగ్గర అది 34 సెంటీమీటర్లే. అక్కడ చిన్న ఆలస్యం కూడా లెక్క చెడగొడుతుంది. కుక్క అరుపులో చాలా శక్తి ఈ పై భాగంలోనే ఉంటుంది, పైగా ఠక్కున మొదలై ఠక్కున ఆగిపోతుంది.

బాక్స్ మీద రాసే "45 డీబీ" కూడా గరిష్ఠ అంకె. అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా అంత తగ్గుతుందని కాదు. అరుపు విషయంలో ఎక్కువ పని చేసేది చెవికి బిగుతుగా కూర్చునే సిలికాన్ టిప్. కాబట్టి సైజ్ సరిచూసుకోండి.

కాల్స్‌లో ఈఎన్‌సీ

మీకు వినపడకుండా చేసేది ఏఎన్‌సీ, అవతలివాళ్లకి వినపడకుండా చేసేది ఈఎన్‌సీ. మీటింగ్స్‌లో ఇబ్బంది అయితే కొత్త బడ్స్ కొనక్కర్లేదు. జూమ్, టీమ్స్ సెట్టింగ్స్‌లో ఉన్న నాయిస్ సప్రెషన్ ఆన్ చేసి చూడండి. నా కాల్స్‌లో అరుపులు బాగా తగ్గాయి.

నిద్రకి మాస్కింగ్

ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు అరుపు తక్కువగా, కరెంట్ పోగానే ఎక్కువగా అనిపిస్తుంది కదా? కుక్క గొంతు పెరగలేదు, ఫ్యాన్ శబ్దం కప్పడం ఆగింది, అంతే. ఐఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్ ఐఓఎస్ 15 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో వాన శబ్దం వినిపించే ఏ యాప్ అయినా చాలు. వాల్యూమ్ తక్కువగానే పెట్టండి.

కుక్క విజిల్ యాప్స్ వద్దు

మనిషికి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు, కుక్కకి 45 వరకు వినపడుతుంది. ఫోన్ ఆడియో మామూలుగా 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో నడుస్తుంది, అంటే 24 దాటి పలకలేదు. ఆ చిన్న స్పీకర్ అంతవరకు కూడా గట్టిగా పలకదు. పలికినా, దేనికి మానాలో కుక్కకి ఎలా అర్థమవుతుంది?

అసలు ఉపయోగపడిన ఫీచర్

ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద సౌండ్ నోటిఫికేషన్స్ ఉంది. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం గూగుల్ 2020లో తెచ్చింది. కుక్క అరుపుని గుర్తించి టైమ్‌తో సహా చూపిస్తుంది. ఐఫోన్‌లో దీన్నే సౌండ్ రికగ్నిషన్ అంటారు. పాత ఫోన్‌ని వారంపాటు కిటికీలో పెట్టి, వచ్చిన టైమ్‌లన్నీ నోట్ చేశా. రాత్రి కన్నా, ఇంట్లో ఎవరూ లేని పగటిపూటే ఎక్కువ అరుపులు!

అది చూపిస్తే పక్కింటి మావయ్య ఆశ్చర్యపోయారు. "మేం లేనప్పుడు ఇంత అరుస్తాదని మాకెలా తెలుస్తాది బాబూ?" అన్నారు. గేటు దగ్గర కట్టేసి వెళ్తే, రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ దానికి దొంగే. ఇప్పుడు పెరట్లో నీడన ఉంచుతున్నారు. అరుపులు పూర్తిగా ఆగలేదు గానీ, నా పని సాగుతోంది. మాటలు కూడా చెడలేదు.

మాట వినని ఇల్లు అయితే?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. అయితే ఫోన్ యాప్ చూపే డెసిబెల్ అంకె అంచనా మాత్రమే, ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో ఒక్కో మోడల్ మైక్ ఒక్కోలా ఉంటుంది. ఫిర్యాదు చేసేటప్పుడు అంకె కన్నా తేదీ, టైమ్ ఉన్న లాగ్ నయం.

ఒక్క ముక్కలో నా సలహా: ముందు ఫ్రీగా లాగ్ తీసి మాట్లాడండి, బడ్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.