పుండుకు మార్కులు

కనిగిరి చుట్టుపక్కల చేలల్లో తుమ్మముళ్ళకు కొదవ లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే మనం పెద్దగా పట్టించుకోం. తీసి పారేసి పనిలో పడతాం. షుగరు జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. జబ్బు ముదిరితే పాదాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు. చిన్న గాయమే పుండవుతుంది. నెలలు గడిచినా మానదు. ఒక్కోసారి కాలు తీసేయాల్సి వస్తుంది.

ఒక ఇంట్లో అత్తకు ఇలాంటి పుండు ఉందనుకుందాం. పైన నల్లగా గట్టిపడింది.

"పక్కు కట్టిందే అమ్మాయ్, ఇంక మానిపోద్ది" అంటుంది అత్త. కోడలికీ అలాగే అనిపిస్తుంది.

నర్సమ్మ వచ్చి చూస్తుంది. "ఇది పక్కు కాదమ్మా. కండ చచ్చిపోయి నల్లబడింది. ఆసుపత్రికి పోదాం పదండి" అంటుంది.

పుండు ఒక్కటే. చూసిన కళ్ళు వేరు. మరి ఎవరు చూసినా ఒకేలా చెప్పేదెట్లా? అందుకే పుండుకు మార్కులు వేసే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు పుష్. 1990లలో అమెరికాలో తయారైంది. మంచాన పడ్డవాళ్ళకు వచ్చే పుండ్ల కోసం చేశారు. తర్వాత కాలి పుండ్లకూ వాడి చూశారు.

ఇందులో చూసేవి మూడే. పుండు పొడవు, వెడల్పు కొలిచి గుణిస్తారు. దానికి 10 మార్కుల దాకా వేస్తారు. కట్టు విప్పాక, మందు రాయకముందు, రసి ఎంత కారుతోందో చూస్తారు. దానికి 3 దాకా. లోపల ఎలా ఉందో చూసి 4 దాకా. నల్లగా చచ్చిన కండ ఉంటే 4. పసుప్పచ్చ పొర ఉంటే 3. ఎర్రటి కొత్త కండ వస్తే 2. పైన కొత్త చర్మం వస్తుంటే 1. అన్నీ కలిపితే 17. బడిలో మార్కులు పెరిగితే సంతోషం. ఇక్కడ తగ్గితేనే సంతోషం. పూర్తిగా మానితే సున్నా.

4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పుండుకు కొలతలో 8 వస్తాయి. రసి ఒక మాదిరిగా ఉంటే 2. పసుప్పచ్చ పొరకు 3. మొత్తం 13. కొన్ని వారాలకు అది 10 అయిందంటే మానుతున్నట్టే.

ఈ కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులోకి తేవాలంటే మాటకు మాట పెడితే చాలదు. నల్లటి చచ్చిన కండను 'పక్కు' అని రాశారనుకోండి. మనకు పక్కు అంటే మానే గుర్తు. కాగితంలో అది అన్నిటికన్నా చెడ్డ గుర్తు. పసుప్పచ్చ పొరను 'చీము' అన్నా తప్పే. చీము తుడిస్తే పోతుంది. ఆ పొర తుడిచినా పోదు, అంటుకునే ఉంటుంది.

అందుకని ఇద్దరు వేరువేరుగా తెలుగు చేస్తారు. రెండూ పక్కన పెట్టి ఒకటిగా కుదురుస్తారు. అసలు కాగితం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేస్తారు. మొదటిదానితో పోలిస్తే ఎక్కడ మాట జారిందో తెలుస్తుంది. బ్రెజిల్ దేశంలో 2005లో పుష్‌ను ఇలాగే పోర్చుగీసు భాషలోకి తెచ్చారు.

తర్వాత అసలు పరీక్ష. ఇద్దరు నర్సమ్మలు ఒకే పుండును, ఒకరికొకరు చెప్పుకోకుండా చూస్తారు. ఇద్దరి లెక్కా ఒకటే రావాలి. ఒకరు 10 వేసి ఇంకొకరు 13 వేస్తే, ఏ మాట దగ్గర తేడా వచ్చిందో వెతుకుతారు. ఆ మాట మార్చి, మళ్ళీ పుండ్లు చూసి, మళ్ళీ లెక్క వేస్తారు.