కనుమదారికి ఏ ఇంజను?

శృంగవరపుకోట దాటి, తూర్పుకనుమల పాదమునుండి అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు ఘాట్‌రోడ్డు, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తునకు మలుపు వెనుక మలుపుగా మనలను కొనిపోవును. నలుగురు మనుష్యులతోను, వారి సామానుతోను నిండిన చిన్న పెట్రోలుకారు ఆ మలుపులలో రెండవ గేరునకు, ఒక్కొక్కచోట మొదటి గేరునకు దిగి, ఇంజను రొద మిన్నంటగా మెల్లగా ప్రాకుచుండుట చూచినవారికి, టర్బో ఇంజను కొనినచో ఈ యవస్థ తప్పునా అను సందేహము కలుగుట సహజము.

ఇంజను కాల్చగల పెట్రోలు అది పీల్చగల గాలిని బట్టి యుండును. నాచురల్లీ ఆస్పిరేటెడ్ అని కంపెనీలు పేర్కొను సాధారణమైన ఇంజనులో, పిస్టను క్రిందికి దిగునపుడు బయటి వాతావరణపీడనమే గాలిని లోనికి నెట్టును. అంతకుమించిన సహాయము దానికి లేదు. టర్బో ఇంజనులోనన్ననో, పొగగొట్టము వెంట వృథాగా పోవలసిన వేడిపొగ ఒక చిన్న చక్రమును నిమిషమునకు లక్షకు మించిన చుట్లు త్రిప్పగా, అదే ఇరుసు రెండవ కొననున్న చక్రము, కొలిమితిత్తి వలె, బయటిగాలిని అదిమి సిలిండరులలోనికి పంపును. ఈ యుపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంటు పొందియుండెను. అయినను అది అమ్మకపు కారులలోనికి వచ్చుటకు 1962 వరకు ఆగవలసివచ్చెను.

కొండమీద గాలి పలుచన గనుక టర్బో తప్పదని కొందరందురు. ఈ వాదము లదాఖునకు చెల్లును గాని, అరకునకు అంతగా చెల్లదు. 900 మీటర్ల యెత్తున వాతావరణపీడనము పదింట ఒకవంతు మాత్రమే తగ్గును. అచటి చల్లదనము గాలిని చిక్కపరచి, ఆ నష్టములో కొంత తిరిగి యిచ్చును. అసలు కారణము వేరొకటి గలదు. మలుపువద్ద వేగము చచ్చినపుడు, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగనే చక్రములను బలముగా త్రిప్పగల శక్తి, అనగా టార్కు, కావలెను.

దీనికి రెండు విధముల ఇంజనులతోను దొరకు మారుతి సుజుకి ఫ్రాంక్స్ కారు చక్కని నిదర్శనము. 1.2 లీటర్ల సాధారణ ఇంజను 113 న్యూటన్ మీటర్ల టార్కును నిమిషమునకు 4,400 చుట్లవద్ద గాని యీయదు. అంతకంటె చిన్నదైన 1.0 లీటరు టర్బో ఇంజను దాదాపు 148 న్యూటన్ మీటర్లను 2,000 చుట్లనుండియే యిచ్చును. గుఱ్ఱపుశక్తిలో రెండింటికి భేదము పదియే. కనుమదారిలో మాత్రము టార్కులోని భేదము ఒక గేరంత యగును. ఇట్టి చిన్న టర్బోలు పుట్టుటకు పన్ను కూడ ఒక కారణము: నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజను గల కారులకు 2006 కేంద్ర బడ్జెటు పన్ను తగ్గించినది మొదలు, చిన్న ఇంజనునుండియే ఎక్కువ బలము రాబట్టుట కంపెనీలకు అవసరమైనది.

ఐనను టర్బోకు వెల గలదు. ధర యెక్కువ, యాక్సిలరేటరు త్రొక్కిన పిమ్మట బలము పుంజుకొనుటకు క్షణకాలము పట్టును, ఎఱ్ఱగా కాగు ఆ చక్రపు ఇరుసును కాపాడునది ముఖ్యముగా ఆయిలే గనుక, మంచి ఆయిలు వేళకు మార్చని వానికి అది తగదు. ఘాటెక్కి ఆగిన వెంటనే తాళము త్రిప్పక, ఒకటిరెండు నిమిషములు ఇంజనును ఊరక తిరుగనిచ్చుట మేలు. పాతకారునకు బయట టర్బో బిగింపించుకొను ఆలోచన మాత్రము వలదు: దాని పిస్టనులు, కంప్రెషను ఆ యొత్తిడికై చేయబడినవి కావు, కంపెనీ వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను నిషేధించుచున్నది.

పాడేరు, అనంతగిరి, అరకుల నడుమ నిండు బరువుతో తరచుగా తిరుగువారు టర్బోనే కొనవలెను. విశాఖపట్టణములో నివసించుచు, ఏడాదికి ఒకటి రెండుసార్లు కొండకు పోవువారికి సాధారణ ఇంజనే చాలును. మలుపునకు ముందే గేరు దించు అలవాటు మాత్రముండవలెను. ఎవరైనను డబ్బు చెల్లింపకముందు, ఖాళీకారును చదునైన రోడ్డుమీద నడిపి తృప్తిపడక, ఇంటిల్లపాదిని ఎక్కించుకొని ఏదైన ఎత్తుదారిని నడిపి చూడుడు.