మారేడు: కాయ వేఱు, పండు వేఱు

తెలుగునాట శివాలయముల చెంత మారేడు చెట్టు తఱచుగా కానవచ్చును. దాని మూడు రేకుల ఆకు శివపూజకు ప్రశస్తము. వినాయక చవితినాటి ఇరువదియొక్క పత్రులలో అదియు నొకటి. పూజకు ఆకు ముఖ్యము కాగా, ఆయుర్వేద వైద్యమునకు కాయయు వేరును ముఖ్యములు. సంస్కృతమున బిల్వ మనబడు ఈ వృక్షము నిమ్మ, నారింజల కుటుంబమునకు చెందినది. ఆకును నలిపి వాసన చూచినవారికి ఈ చుట్టరికము తెలియగలదు.

ఫలములన్నియు పండిన పిదపనే గుణవంతములనియు, మారేడు మాత్రము పచ్చిదిగా నున్నప్పుడే శ్రేష్ఠమనియు సుశ్రుత సంహిత చెప్పుచున్నది. ఈ భేదము సామాన్యమైనది కాదు. లేతకాయ గుజ్జులో వగరు పదార్థమును జిగురును హెచ్చుగా నుండును. అది మలమును బంధించును. వైద్యులు లేతకాయను ముక్కలుగా కోసి, ఎండబెట్టి చూర్ణము చేయుదురు; లేక నిప్పులలో కాల్చి గుజ్జును బెల్లముతో కలిపి యిత్తురు. పండిన మారేడు తియ్యగా, సువాసనతో నుండును గాని తేలికగా జీర్ణము కాదు; మలమును సడలించును. ఉత్తరదేశమున వేసవిలో త్రాగు మారేడు షర్బతును, ఒడిశాలో మేష సంక్రాంతినాడు చేయు పానకమును పండుతో చేయునవే. కావున “మారేడు విరేచనములకు మంచిది” యను మాట సగము మాత్రమే నిజము. విరేచనములతో బాధపడువాడు మంచిదే కదా యని పండు రసము త్రాగినచో బాధ హెచ్చవచ్చును.

లేతకాయ చూర్ణమునకును సమయ మున్నది. అజీర్ణదోషము, అనగా ఆమము, ఇంకను కడుపులో నుండగా ఆరంభముననే మలబంధక ఔషధము నీయరాదని చరక సంహిత నిషేధించినది. ఇండ్లలో చూర్ణము గుర్తున్నంతగా ఈ నిషేధము గుర్తుండుట లేదు. పసిబిడ్డల విషయమున ఈ మఱపు ప్రాణాంతకము కాగలదు. విరేచనములలో బిడ్డ ప్రాణము తీయునది ముఖ్యముగా శరీరమునుండి నీరును లవణములును పోవుటయే. ఏ చూర్ణమును ఆ నష్టమును పూరింపజాలదు. 1971లో పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినపుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచే త్రాగించిరి. నూటికి 30 వరకు చేరిన మరణములు 4కు లోపునకు దిగినవి.

బిడ్డకు విరేచనములు మొదలిడిన వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసిన కొలత ప్రకారము, కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెరయు, అర టీ చెంచా ఉప్పును కలుపవలెను. ఉప్పు హెచ్చరాదు. తల్లిపాలు మానరాదు. ఆరోగ్యకేంద్రమున ఇచ్చు జింకు మాత్రలను, విరేచనములు కట్టినను, 14 దినములు వాడవలెను. మలములో రక్తము కనబడినను, కన్నులు గుంటలు పడినను, మూత్రము ఆగినను, బిడ్డ త్రాగలేక సోలిపోవుచున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. మారేడు చూర్ణము పెద్దలకైనను వైద్యుడు చూచి యిచ్చినపుడే తగును.

ఆకురసము మధుమేహమునకు పనిచేయునని కొందఱు నమ్ముదురు. జంతువులపై జరిగిన పరీక్షలలో కొంత ఫలితము కనబడినమాట నిజమే. అంతమాత్రమున వాడుచున్న మందును మానుట అపాయకరము.

ఇక వేరు. దశమూలములలో పెద్ద చెట్ల వేళ్లు అయిదు. వానిలో మొదటిది బిల్వము. వాతమునకు, వాపులకు ఇచ్చు కషాయములలోను, దశమూలారిష్టములోను ఇది చేరును. అయితే వేరు త్రవ్వినచో చెట్టు నిలుచుట కష్టము. కాయలు కోసికొన్న చెట్టు మఱుసటి యేడు మరల కాచును. మారేడు వేళ్లనుండి పిలకలు లేచును. వానిని వేరుతోసహా విడదీసి తొలకరిలో నాటుకొనవచ్చును.