పెట్టెలో బూజు – పడవ నేర్పిన పాఠం

హాస్టల్లో మనకంటూ ఉండే ఆస్తి ఒక్కటే, రేకు పెట్టె. వానాకాలంలో దాని మూత తీయగానే వచ్చే ముక్కిన వాసన తెలియనివారు మనలో ఉండరు. ఆ వాసన ఎందుకు వస్తుందో, రాకుండా ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఈ పాఠం మేము తరగతి గదిలో కాదు, గోదావరి మీద పడవలో నేర్చుకున్నాం.

మాది పినపాక మండలంలో గోదావరికి దగ్గరి ఊరు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటిది అదే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందరికంటే ముందు బయటికి వచ్చింది మా పెట్టె. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. అందులోని పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువపత్రం అమ్మానాన్నలకు బంగారం కంటే ఎక్కువ.

నాటు పడవ ముందు భాగంలో పలకల కింద ఒక అర ఉంటుంది. పెట్టెను అందులో పెట్టి, పైన పట్టా కప్పాం. లోపలికి ఒక్క చుక్క వరద నీరు పోలేదు. పునరావాస కేంద్రంలో పది రోజులు దాన్ని తెరవలేదు. తెరిచేసరికి మెమోల మీద నల్లటి చుక్కలు, కుల ధ్రువపత్రంపై ముద్ర ఉన్నచోట పచ్చటి బూజు! తరువాత పీజీ కౌన్సెలింగ్‌లో ఆ ముద్ర కనబడక, మళ్లీ పత్రం తెచ్చుకోవడానికి రెండు రోజులు తిరిగాం. సీటు పోతుందేమోనని ఆ రెండు రాత్రులు నిద్ర లేదు.

ఈ సంగతి పడవ తాతతో చెబితే ఆయన నవ్వి, "ఏం రా మనవడా, బయటి నీళ్లు రాకుండ మూసినవు గానీ, లోపలి తడి తీసి మూసినవా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. కాగితాల మీద మేము పెట్టిన దుప్పటి సగం తడిగా ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బూజు అంటే ఇక్కడ సాలెగూడు కాదు, పాత రొట్టె మీద పట్టే శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. దానికి తిండి కావాలి. కాగితం, నూలు బట్ట, తోలు, కలప, బట్టలకు అంటిన చెమట మురికి అన్నీ దానికి తిండే. వెచ్చదనం మన దగ్గర ఎలాగూ ఉంది. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. తడిసిన వస్తువును ఒకటి రెండు రోజుల్లో ఆరబెడితే బూజు చాలావరకు పట్టదు.

మూసిన అరలోకి తడి ఎలా వస్తుంది? 30 డిగ్రీల వేడి ఉన్న ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే పట్టుకుంటుంది. మిగిలింది నీటి చుక్కలై దిగుతుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమ్మ పట్టేది అందుకే. పగలు ఎండకు పడవ అరలోని తడి తాడు, వల ఆవిరిని వదులుతాయి. రాత్రి చల్లబడగానే అది మూత లోపలివైపు చుక్కలై మళ్లీ వాటి మీదే పడుతుంది. మన రేకు పెట్టెలో జరిగేదీ ఇదే.

తాత పడవ అరను కాపాడే పద్ధతి చూశాం. ముందు అడుగున చేరిన నీళ్లు తోడి, బురద కడిగి, పొడిగుడ్డతో తుడుస్తాడు. బురద ఉంటే తడి పోదు. వల, తాడు, లైఫ్ జాకెట్లు గాలి తగిలే నీడలో పూర్తిగా ఆరాకే లోపల పెడతాడు. అరలో అడుగున వెదురు తడక పరిచి, దానిపై సామాను పెడతాడు. కింద నుంచి గాలి ఆడాలి కదా! పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో పొడిగా ఉన్న మధ్యాహ్నం మూత తీసి, సాయంత్రం మంచు పడకముందే వేస్తాడు.

ఇదే పద్ధతి మన పెట్టెకు. సిమెంటు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. నాలుగు ఇటుకలపై, గోడకు జానెడు దూరంగా ఉంచండి. చెమట చొక్కా, తడి తువ్వాలు లోపల వేయకండి. వారానికోసారి ఎండ వచ్చిన మధ్యాహ్నం మూత తీసి గాలి పోనివ్వండి.

గాలి పొడిగా ఉందో లేదో తెలిసేదెలా? మెస్సులో ఉప్పు చూడండి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు చెమర్చుతుంది. గల్లుప్పు ఇంకా ముందే చెమర్చుతుంది. బూజు పెరిగేదీ దాదాపు ఆ తేమలోనే. ఉప్పు తడిగా ఉన్న రోజు పెట్టె తెరిచి పెడితే తడిని పిలిచినట్టే.

కొన్ని అపోహలు కూడా వదులుకోవాలి. కలరా ఉండలు పురుగులను తరుముతాయి, బూజును ఆపవు. పచ్చి వేపాకు వేస్తే దానిలోని నీరు కూడా పెట్టెలోకి చేరుతుంది. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం తేమను పీలుస్తుంది గానీ, మూసిన పెట్టెలోనే, అదీ కొంతవరకే.

మరొక హెచ్చరిక. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీలకు బూజు పడితే కడిగి, వేయించి తినకండి. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన పల్లీ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆ పరిశోధనలోనే అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మామూలు వంట వేడికి పోదు.

సర్టిఫికెట్లు తడిస్తే రుద్దకండి. పాత పేపర్ల మధ్య నీడలో ఆరబెట్టి, తరువాత ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపండి. తడి కాగితాన్ని లామినేషన్ చేయిస్తే బూజును లోపల బంధించినట్టే. స్కాన్ చేసిన నకలు ఒకటి వేరేచోట ఉంచుకోండి.

తమ్ముళ్లారా! మనకు ఆస్తిపాస్తులు లేవు. మన అమ్మానాన్నల కష్టం ఆ నాలుగు కాగితాల్లోనే ఉంది. వరద వచ్చినప్పుడు దాని జాడ అందరికీ కనబడుతుంది, తడి మాత్రం చప్పుడు లేకుండా వస్తుంది. మూత వేసే ముందు ఒక్కసారి లోపల చేయి పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే మూయండి.