తారు ఎరుగని దారులు

సైకిలు తొక్కడం రాని మగపిల్లవాడు మన వైపు అరుదు. ఈ రోజుల్లో రాని ఆడపిల్లా అరుదే. అయినా నలభై దాటిన పెద్దమనిషి, వారం పొడుగునా కాలేజీలో నన్నయనూ తిక్కననూ పాఠం చెప్పి, ఆదివారం తెల్లవారకముందే సైకిలెక్కి కొండలకేసి బయలుదేరాడంటే ఇరుగుపొరుగువారు వింతగానే చూస్తారు. "రోడ్డు బాగున్నచోట తొక్కితే అర్థముంది, రాళ్ళున్నచోటే వెతుక్కుని తొక్కుతారేమిటండీ?" అని మా ఆవిడ కూడా అడిగింది. అడగవలసిన ప్రశ్నే.

ఈ రాళ్ళదారి సవారీకి పాశ్చాత్యులు 'గ్రావెల్ సైక్లింగ్' అని పేరు పెట్టారు. గ్రావెల్ అన్నది మన ఇంజనీర్లూ కంట్రాక్టర్లూ రోజూ వాడే మాటే. తారు వెయ్యకుండా, ఎర్రని గరుసుమట్టీ కంకరా పరిచి రోలరు తొక్కించిన రోడ్డు అన్నమాట. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండల్లో 2006లో మొదలైన పందెం ఈ సరదాకు పేరు తెచ్చింది. ఆ పందెం దూరం 200 మైళ్ళు! 2022లో ఇటలీలో మొట్టమొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి.

దీనికోసం వేరే సైకిలు వుంది. పందాల సైకిలు టైరు వెడల్పు 25, 28 మిల్లీమీటర్లు. గ్రావెల్ సైకిలుకు 40, అంతకు పైన. టైరులో గాలి బిర్రుగా కొట్టించరాదు. బిర్రుగా వుంటే ప్రతి రాయి మీదా ఎగిరిపడి వెన్ను విరగ్గొడుతుంది. కాస్త మెత్తగా వుంటే రాయిని తనలోకి ఇముడ్చుకుని సాగిపోతుంది. ఇక్కడొక తమాషా వుంది. మన తాతలనాటి పెద్ద సైకిలుకు, అంటే పాలవాళ్ళూ తపాలా జవాన్లూ తొక్కిన ఆ నల్ల సైకిలుకు, వేసే 28 బై ఒకటిన్నర టైరు వెడల్పు కూడా 40 మిల్లీమీటర్లే! పైదేశాలవారు కొత్తగా కనిపెట్టామనుకున్నది మన వీధి అరుగు పక్కన ఎప్పుడో చేరవేసి వుంది. పాత సైకిలుకు లేనివల్లా రెండే: ఎత్తెక్కడానికి గేర్లు, దిగేటప్పుడు గట్టిగా పట్టే డిస్కు బ్రేకులు.

మాకు అలవాటైన దారి నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు. బస్సులు తిరిగే పెద్దరోడ్డు తారుదే. మైదానం విడిచి ఘాటు ఎక్కితే సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి వస్తుంది. దీనికే 'కొర్రబయలు' అని మరో పేరు. రాత్రి ఆరుబయట నిలబడినవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే అక్కడ టీ గ్లాసు పట్టుకున్నవారెవరికీ ఈ అర్థం మీద అనుమానం రాదు.

అసలు సంగతి ఈ పెద్దరోడ్డులో లేదు. దానికి అటూ ఇటూ చీలి, చెట్లలోకి పోయే ఎర్రదారుల్లో వుంది. వాటి చివర ఇరవై, ముప్ఫై గడపల పల్లెలు వుంటాయి. ఈ కొండల రాయికి భూగర్భశాస్త్రంలో 'ఖోండలైట్' అని పేరు. ఖోండు జాతివారి పేరు మీదనే ఆ మాట పుట్టింది. ఆ రాయి లక్షల ఏళ్ళుగా ఎండకూ వానకూ శిథిలమై, అందులోని ఇనుము తుప్పుపట్టి, ఈ ఎర్రని గరుసు అయింది. దారి పొడుగునా సిల్వర్ ఓకు చెట్లు, వాటి నీడన కాఫీ మొక్కలు, మానులకు అల్లుకున్న మిరియపు తీగలు. చలికాలం మొదట్లో వలిసెలు పూస్తే కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు వుంటుంది. సంతరోజున అడ్డాకుల కట్టలూ, చింతపండు బుట్టలూ నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళు ఎదురవుతారు. కారులో పోయేవారికి వీళ్ళు అద్దంలో గీతల్లా కనిపించి మాయమవుతారు. గంటకు పది కిలోమీటర్లు పోయే సైకిలువాడికి మొహాలు కనిపిస్తాయి. పలకరిస్తే జవాబూ వస్తుంది. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం ఇదే.

అయితే ఒకనాడు అదే దారిలో నాకు వేరొక ప్రశ్న ఎదురయింది. ఓ పల్లె మొదట్లో పనసచెట్టు కింద ఆగి నీళ్ళు తాగుతున్నాం. నాతో వచ్చినవాడు నా పూర్వ విద్యార్థి. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. మా నెత్తిన టోపీలూ, హ్యాండిలు మీద దూరం చూపే యంత్రమూ చూసి ఓ ముసలాయన దగ్గరికి వచ్చాడు.

"సర్వేకి వచ్చారా బాబూ?"

"కాదు తాతా, ఊరికే తిరగడానికి వచ్చాం."

"ఊరికేనా? ఈ దారిలోనా?" అని ఆయన మా మొహాలకేసి చూశాడు. "అయితే తారెప్పుడేస్తారో మీకూ తెలీదన్నమాట. వానాకాలం ఓపాలి వచ్చి చూడండి బాబూ."

వానాకాలం వస్తే ఏమవుతుందో తరవాత ఆయనే చెప్పాడు. గ్రావెల్ రోడ్డుకు శత్రువు నీరు. రోడ్డు నడిమి కాస్త ఎత్తుగా వుండి, పక్కన కాలువ తీసి వుంటేనే అది నిలుస్తుంది. కాలువ పూడిందా, నీళ్ళు రోడ్డు మీదనే పారి గరుసంతా కొట్టుకుపోతుంది. మిగిలేది బురద, కాలువంత గాడి. అప్పుడు జీపు రాదు, అంబులెన్సు రాదు. నొప్పులు పడే ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టిన డోలీలో పడుకోబెట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, పెద్దరోడ్డు దాకా మోసుకుపోవాలి. ఈ మాట పాతకాలపు కథ కాదు. ఈ కొండల్లో డోలీమోత వార్తలు ఈనాటికీ పత్రికల్లో వస్తూనే వున్నాయి.

మరి రోడ్డు ఎందుకు పడదు? 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా వున్న పల్లెలకు రోడ్డు వెయ్యాలన్నది. ముప్ఫై గడపల పల్లె ఆ లెక్కకు అందదు. 2023లో వచ్చిన జన్‌మన్ పథకం అతి వెనుకబడిన గిరిజన జాతుల పల్లెలకు ఈ లెక్కను 100కు దించింది. అడవి అడ్డం అన్నమాటా వుంది. కాని 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, గ్రామసభ కోరితే, హెక్టారు లోపు అటవీభూమిని రోడ్డుకు ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు.

ఈ కొండల్లో రోడ్డుకూ మనిషికీ మధ్య పాత లెక్క కూడా ఒకటి వుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యానికి సంకెళ్ళు వేసింది. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్ళచేత చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు పితూరీకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీదా, మర్నాడు కృష్ణదేవిపేట మీదా, 24న రాజవొమ్మంగి మీదా ఆయన దళం దాడిచేసి తుపాకులు పట్టుకుపోయింది. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. నూరేళ్ళ కిందట అక్కరలేని రోడ్డుకు వెట్టి చేసినవారి మనుమలు, ఈనాడు కావలసిన రోడ్డుకోసం అర్జీలు పెట్టుకుంటున్నారు.

ఆరోజు దిగివస్తూ మా శిష్యుడు, "తారు పడితే ఈ దారి అందం పోతుందండీ, మాస్టారూ" అన్నాడు. పోతుంది, నిజమే. కాని అందం చూసిపోయే మనకు అది ఆదివారం దారి. వాళ్ళకు ఏడు రోజుల దారి. ఏడింట్లో ఒక్కరోజు వచ్చేవాడి మాట చెల్లరాదు.

అలాగని సైకిలువాళ్ళు బెంగపెట్టుకోనక్కరలేదు. కాఫీతోటల మధ్యా, పొలాల గట్ల వెంటా తారు ఎన్నడూ అవసరంలేని బాటలు ఇంకా బోలెడు వున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఇద్దరు తక్కువ కాకుండా వెళ్ళండి. స్పేరు ట్యూబూ, పంక్చరు సామానూ, పంపూ, రెండు సీసాల నీళ్ళూ వుండాలి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోకండి. తోటలోంచి పోవాలంటే తోటవాళ్ళనడగండి. మనుషుల ఫోటో తియ్యాలంటే వాళ్ళనడగండి. కొనేదేదో సంతలో గిరిజనుల దగ్గర కొనండి.

ఈసారి వెళ్ళినప్పుడు నిరుడు తొక్కిన ఎర్రదారి నల్లబడి కనిపిస్తే విచారించకండి. ఆ వూళ్ళో ఒక డోలీ కర్ర అటక ఎక్కిందని సంతోషించి, మీ సైకిలును పక్కబాటకు మళ్ళించండి.