బాక్స్ హిల్ చుట్టుదారి

ఆల్ప్స్ కనుమలను సైకిలుపై దాటిన వీరుల వృత్తాంతములు చదివిన పాఠకునకు, లండను నగరమునకు దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సర్రే ప్రాంతమున నున్న బాక్స్ హిల్ ఒక గుట్ట మాత్రముగనే తోచును. తోచుట న్యాయమే, ఏలయన దాని పాదమునుండి పైకి పోవు జిగ్‌జాగ్ రోడ్డు నిడివి 2.5 కిలోమీటర్లు, అది ఎక్కించు ఎత్తు సుమారు 120 మీటర్లు. అయినను, ఎక్కి, దిగి, బయలుదేరిన చోటికే వచ్చి, మరల ఎక్కవలసివచ్చు ఇట్టి చిన్నమిట్టలే కాలిబలమును నిజముగా తూచునని నా దృఢాభిప్రాయము.

నార్త్ డౌన్స్ అను సుద్దరాతి కొండవరుసలో, మోల్ నది ఒరసికొని పారుచుండగా నిలిచిన యీ గుట్టను 1914లో లియొపోల్డ్ సాలమన్స్ అను శ్రీమంతుడు కొని నేషనల్ ట్రస్టు వశము చేయుటచేత, మహానగరము ఇంత చేరువకు పెరిగివచ్చినను ఇచ్చటి పచ్చికబయళ్లును వనములును చాలవఱకు నిలిచినవి. రోడ్డు పదునైన మలుపులు తిరిగి శిఖరము చేరిన పిమ్మట, దారి చెట్లనీడలలో హెడ్లీ గ్రామపు దిక్కునకు సాగి, అచ్చట నుండి ఇరుకైన లాడ్జ్‌బాటమ్ రోడ్డు వెంట లోయలోనికి జారి, మికిలమ్ మీదుగా మొదటికి వచ్చును. మొత్తము 15.5 కిలోమీటర్లు.

నూఱు మీటర్లకు అయిదు మీటర్లు లేచు వాలు చూపునకు సాధువు. కాని మనిషియు సైకిలును కలిసి 80 కిలోలనుకొన్నచో, గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవువానికి ఆ బరువు నెత్తుటకే సుమారు 160 వాట్ల శక్తి వలయును. అనగా మన యిండ్లలోని పైకప్పు పంకాలు రెండింటిని తన పిక్కలతో త్రిప్పుచున్నట్లే. అందుచేతనే తెలిసినవారు వాలు మొదలగుటకు మునుపే తేలిక గేరు వేసికొని, ఊపిరి చెదరకుండ తొక్కుదురు. దిగునపుడు ఆ శ్రమ తిరిగి వచ్చును గదా యని శంకింపవచ్చును. రాదు. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగింపు నాలుగు రెట్లగును; మలుపున బ్రేకు పట్టినంతనే మిగిలినది వేడిమియై పోవును. ఇంకొక సూక్ష్మము కలదు. బల్లపరుపు దారిలో ముందువాని వెనుక నక్కి పోవువాడు ఎంతో త్రాణ మిగుల్చుకొనును; మిట్టపై వేగము తగ్గినపుడు ఆ చాటు అంతగా అక్కఱకు రాదు, ఎవని బరువు వాడే మోయవలెను.

2012 జూలై 28న లండను ఒలింపిక్స్ పురుషుల రోడ్డు పందెమునకు 250 కిలోమీటర్లు ఏర్పఱచి, అందు ఈ చుట్టు తొమ్మిది మాఱులు తిరుగవలెనని నియమించిరి. కడపటి ఉరుకులో సాటిలేనివాడును, ముందటి యేటి ప్రపంచ విజేతయు నగు మార్క్ కావెండిష్‌కు స్వర్ణము తప్పదని బ్రిటిషువారు ఆశించిరి. ఏ ఒక్క చుట్టును అతనిని పడవేయలేదు గాని, అతని నలుగురు సహచరులు గంటల తరబడి గుంపునకు ముందుండి గాలి నెదుర్కొని అలసిపోయి, చివరి చుట్లలో తప్పించుకొనిపోయినవారిని నగరము చేరువఱకు పట్టజాలకపోయిరి. కజకిస్థానుకు చెందిన 38 ఏండ్ల అలెగ్జాండర్ వినోకురోవ్ గెలిచెను. కావెండిష్‌కు దక్కినది 29వ స్థానము.

మఱునాడు వానలో జరిగిన 140 కిలోమీటర్ల స్త్రీల పందెమున ఈ మిట్ట రెండు మాఱులే. నెదర్లాండ్స్‌కు చెందిన మరియానె వోస్ మొదటిదిగను, బ్రిటను లిజీ ఆర్మిట్‌స్టెడ్ రెండవదిగను వచ్చిరి. పురుషులకు తొమ్మిదియు స్త్రీలకు రెండును ఏ తూకముతో నిర్ణయించిరో గాని, గుట్టకు తన పని తాను చేయుటకు ఆ పందెమున వ్యవధి యీయలేదని నా మతము.